చక్రమునకు సంచి కుట్టినవారు

రైలుబండి మన దేశమునకు రాకపూర్వము దూరప్రయాణము చేయదలచిన గృహస్థుడు మొదట ఆలోచింపవలసినది మార్గమును గూర్చి కాదు. మూటలను గూర్చియు, ఆ మూటలను మోయు మనుష్యులను గూర్చియు. 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు నూరుగురు పరివారముతో, పల్లకీలతో, డేరాలతో కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా సాగిపోయి, పదునైదు మాసములకు పైగా మార్గమునందే గడపి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. ఆయన సంపన్నుడగుట నిజమే. కాని ఆ పరివారమును కేవలము ఆడంబరమని తలచుట అన్యాయము. శయ్యయు, వంటపాత్రలును, బియ్యపు మూటలును, గుడారపు గుంజలును ఎవరో యొకరు మోసిననే గాని యాత్ర సాగని కాలమది. తరువాత రైలు వచ్చినది. పెట్టె మోయు పని బోయీ భుజమునుండి రైలుపెట్టెకును, స్టేషను కూలివాని నెత్తికిని మారినదే గాని, ప్రయాణికుని మీదికి మాత్రము రాలేదు. భారము తనది కాదు గనుక అతడు ట్రంకుపెట్టెను నింపెను, హోల్డాలును చుట్టెను, మరచెంబును, కూజాను, పచ్చడి జాడీని చేర్చెను. ఏది విడిచిపెట్టవలెనను ప్రశ్న అతనికి తట్టనేలేదు.

ఆ ప్రశ్నను మధ్యతరగతి మానవునకు మొట్టమొదట వేసినది సైకిలు. దానిపై నెక్కి పది దినములు పరదేశమునకు పోదలచినవాడు తన సామాను నంతటిని తన కాళ్ల బలముతోనే కొండ లెక్కింపవలెను, తన చేతులతోనే దించవలెను. ఒక్క అంగీ అధికముగా పెట్టుకొన్నయెడల దాని బరువును మరునాటి యెత్తున మోకాలు చెప్పును. ఈ యవసరమునుండి పుట్టి నూటనలువది యేండ్లుగా మార్పుచెందుచు వచ్చిన సైకిలు సంచి చరిత్రను పరిశీలించినకొలది నాకొక సంగతి దృఢముగా తోచుచున్నది: సైకిలును తేలిక చేసినవారు లోహము నెరిగిన శిల్పులైనను, సైకిలు యాత్రను తేలిక చేసినవారు బట్ట నెరిగినవారు. దర్జీలు, నేతయూరివారు, పట్టు వర్తకులు, ఇంటిలో కుట్టుమిషను గల కుర్రవాండ్రు, వీరే ఈ కథకు నాయకులు. లోకము చక్రము చేసినవారి పేర్లను పాఠ్యపుస్తకముల కెక్కించి, సంచి కుట్టినవారిని మరచినది. అది సరికాదని నా నమ్మకము.

తొలి దశలో సంచికి చోటే లేదు. 1870, 80 దశకములలో వాడుకలో నుండిన పెద్దచక్రపు సైకిలుపై మనుష్యుడు ముందుచక్రపు శిరస్సున, నేలకు నిలువెత్తున కూర్చుండెడివాడు. వెనుకచక్రము చిన్నది, కేవలము తోకయందు నిలుపుటకు మాత్రమే. చిన్న రాయి తగిలినను తలక్రిందులుగా ముందునకు పడు నట్టి యా యంత్రముపై హ్యాండిలుకు బరువు కట్టుట సాహసము. అట్టి సైకిలుతో భూప్రదక్షిణము చేసిన తొలివాడు థామస్ స్టీవెన్సు. ఇంగ్లండులో పుట్టి అమెరికాకు వలసపోయిన ఈతడు 1884 ఏప్రిల్ 22వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున బయలుదేరి, రైలుకట్టల వెంటను, కాలిబాటల వెంటను సైకిలును త్రొక్కుచు, త్రొక్కలేనిచోట నడిపించుకొనుచు, ఆగస్టు 4న బోస్టను చేరెను. పిదప ఐరోపాను, తురుష్క పారశీక దేశములను దాటి, 1886లో హిందూదేశమున లాహోరునుండి కలకత్తావరకు గ్రాండు ట్రంకు రోడ్డుపై ప్రయాణించి, ఆ సంవత్సరము డిసెంబరులో జపానులోని యొకొహామాలో తన యాత్ర ముగించెను. ఇంతటి యాత్రకు ఆతడు హ్యాండిలు దగ్గర చిన్న సంచిలో పెట్టుకొని బయలుదేరిన దేమనగా: కొన్ని మేజోళ్లు, ఒక మారు చొక్కా, ఒక వానకోటు, ఒక రివాల్వరు. వానకోటే రాత్రివేళ గుడారము, అదియే పడక. ఒక వస్తువు మూడు పనులు చేయవలెనను నియమమును ఆనాడే ఆతడు పాటించినాడు. నేటికిని తేలిక సామాను నేర్పువా రెవ్వరును అంతకు మించిన సూత్రమును చెప్పియుండలేదు.

1885లో జాన్ కెంప్ స్టార్లీ సమానచక్రముల రోవర్ సైకిలును, 1888లో డన్లప్ గాలిటైరును లోకమునకు తెచ్చినపిమ్మట సంచికి చోట్లు దొరకినవి. సీటు వెనుక నొకటి, హ్యాండిలు ముందొకటి, వెనుకచక్రముపై క్యారియరొకటి. అన్నిటికంటె విశేషముగా, గొట్టముల నడుమ ఏర్పడిన త్రికోణపు ఖాళీ యొకటి. ఆ ఖాళీ విలువను బాగుగా గుర్తించి వాడుకొన్నవారిలో అమెరికా సైన్యమునందలి నల్లజాతి సైనికుల దళ మొకటి కలదు. 1897 జూన్ 14న ఇరువది యైదవ పదాతిదళమునకు చెందిన ఇరువదిమంది సైనికులు లెఫ్టినెంటు జేమ్సు మాస్ నాయకత్వమున మాంటానాలోని మిసూలా కోటనుండి బయలుదేరి, 1,900 మైళ్లు, పర్వతములు, ఇసుకమేటలు, వానబురద దాటి, నలుబదియొక్క దినములకు సెయింట్ లూయీ నగరము చేరిరి. సైకిలు ఒక్కటే 32 పౌనులు; సామానుతో కలిపి సుమారు 59 పౌనులు. ప్రతి సైనికుడును తన కంబళిని, గుడారపు సగభాగమును చుట్టగా చుట్టి హ్యాండిలు ముందు తోలుపట్టీలతో బిగించెను. ఇద్దరి సగములు కలిసిననే గుడార మగును గనుక, ఎవ్వనికిని పూర్తి గుడారము మోయు పనిలేదు. సైకిలు గొట్టముల నడుమ త్రికోణమునకు సరిపోవునట్లు చేయించిన గట్టి తోలుపెట్టెలో తక్కిన వస్తువు లుంచిరి. నూరేండ్ల తరువాత నూతన కల్పన యని పేరుపడిన సంచుల అమరిక అంతయు ఈ దళమువద్ద సిద్ధముగా నుండెను. ఒక్క లోపము, అది తోలుతో చేసినది. తోలు బలిష్ఠమే, కాని తనంత తానే బరువు, తడిసిన మరింత బరువు. సైన్యాధికారులు ఈ ప్రయోగమును కొనసాగింపలేదు. ఎండలో దాహముతో, వానలో బురదతో పోరాడి గమ్యము చేరిన ఆ సైనికుల పేర్లును చాలకాలము మరుగుననే పడియుండెను.

అదే దశకమున ఆనీ లండన్‌డెరీ యను పేరున బోస్టనునుండి భూప్రదక్షిణమునకు బయలుదేరిన వనిత మొదట నెక్కిన స్త్రీల సైకిలు 42 పౌనులు. చికాగో చేరునప్పటికి విసిగి, 21 పౌనుల పురుషుల సైకిలునకు మారెను. సైకిలు బరువు సగమైనది. సంచి బరువును సగము చేయు విద్య యింకను రావలసియున్నది.

ఆ విద్యను ఒక పద్ధతిగా నేర్పినవాడు లండనులోని దర్జీ. థామస్ హైరం హోల్డింగు బాల్యమున, 1853లో, తలిదండ్రులతో అమెరికా మైదానములను బండ్లవరుసతో దాటినవాడు. ఆరుబయట నిద్రించు రుచి అప్పుడే ఆతని కంటినది. పెరిగి పెద్దవాడై కోట్లు కత్తిరించుచు, కత్తిరింపు శాస్త్రమును గూర్చి పుస్తకములు వ్రాయుచు జీవించినను, సెలవు దొరకినప్పుడు పడవలోనో సైకిలుపైననో గుడారముతో పోవుటయే ఆతని వ్యసనము. 1897లో మిత్రులతో గూడి ఐర్లండు పశ్చిమతీరమునగల కనెమారా ప్రాంతమున సైకిలుపై గుడారముతో తిరిగి, మరుసటి సంవత్సరమున ఆ యాత్రను పుస్తకముగా ప్రకటించెను. అంతవరకు గుడారమనిన సైనికులకో, వేటకు పోవు దొరలకో చెందిన వస్తువు; దానిని మోయుటకు గుఱ్ఱమో బండియో కావలెను. హోల్డింగు ప్రశ్న వేరు. మనుష్యుడు పడుకొనుటకు ఎంత బట్ట కావలెను? ఏ కుట్టు ఎక్కడ బలముగా నుండవలెను, ఎక్కడ ఉండనక్కరలేదు? కోటు కుట్టువానికి భుజము దగ్గర రెండు మడతలు, చంక దగ్గర ఒకటి, అస్తరునకు పలుచని గుడ్డ చాలునని తెలియును గదా! ఆ కంటితో గుడారమును చూచి, కాన్వాసును విడిచి, పలుచని పట్టుతోను సన్నని నూలుతోను గుడారములు కత్తిరించి, మడిచిన సైకిలు సంచిలో నిముడునట్లు చేసెను. లోహపు పనివాడైనయెడల గుంజను తేలిక చేయుటతో ఆగియుండెడివాడు. దర్జీ గనుక బట్ట వరకు పోయెను. తేలికదనము సగము అక్కడ దాగియున్నదని ఆతడు కనుగొన్నాడు.

ఆ పుస్తకమును చదివినవారు ఉత్తరములు వ్రాయగా, 1901లో సైకిలు శిబిరవాసుల సంఘము ఏర్పడెను. వాంటేజ్ పట్టణము దగ్గర జరిగిన తొలి శిబిరమునకు వచ్చినవారు పదుముగ్గురు. ఆ పదుముగ్గురి సంఘమే పెరిగి నేటి బ్రిటిషు క్యాంపింగు, క్యారవానింగు క్లబ్బు అయినది. దక్షిణధ్రువ యాత్రికుడు కెప్టెను స్కాటు ఒకప్పుడు దాని కధ్యక్షుడు. 1908లో హోల్డింగు శిబిరవాసులకొఱకు పెద్ద కైపుస్తకము నొకటి వెలువరించెను. దర్జీవృత్తి యాతనికి జీవనోపాధిగా మాత్రమే నిలిచిపోక, వేలాది సామాన్యులకు ఆరుబయటి రాత్రులను అందుబాటులోనికి తెచ్చుట నన్ను ఎప్పటికప్పుడు ఆనందపరచు విషయము.

గుడారము అక్కరలేనివారికి మరియొక మార్గము తెరుచుకొన్నది. 1878లో హారోగేటు పట్టణమున స్థాపితమై, 1883నుండి సైక్లిస్టుల టూరింగు క్లబ్బుగా పిలువబడిన సంఘము ఊరూర పూటకూళ్ల యిండ్లతో ఒడంబడిక చేసికొని, సభ్యులకు న్యాయమైన ధరకు పడకయు భోజనమును లభించునట్లు ఏర్పాటు చేసెను. పడక దొరకునను నమ్మక మున్నప్పుడు కంబళి యింటనే యుండును. 1930లో ఇంగ్లండునందు యువజనుల హాస్టళ్ల సంఘము వెలసి, రాత్రికి ఒక్క షిల్లింగునకు పడక నిచ్చుటతో, మిల్లు కూలివాడును గుమాస్తాయును ఒక చిన్న సంచితో వారము దినములు కొండలలో తిరుగగలిగిరి. మన దేశమున సత్రములు యుగయుగములుగా చేసిన మేలు ఇదియే. కాశీకో రామేశ్వరమునకో కాలినడకను పోవు పేద యాత్రికుడు భుజముమీది జోలెతో సాగిపోగలిగినది దాత లెవరో ముందే కట్టించి యుంచిన వసారాల బలమున. సంచి ఎంత చిన్నదై యుండవచ్చునను ప్రశ్నకు సగము సమాధానము మార్గమందలి యాతిథ్యమే చెప్పును. ఈ సంగతిని సంచులమ్మువారు చెప్పరు గనుక నేను చెప్పుచున్నాను.

ఇక నెల్సనుకు పోవుదము. లాంకషైరు మండలమున, పెండిల్ కొండనీడన, ఒక పూటకూటి యింటి పేరునుబట్టి పేరు పొందిన ఈ పట్టణము మగ్గముల చప్పుడుతో బ్రదికినది. లాంకషైరు అన్న పేరు మన తెలుగువారికి చేదు జ్ఞాపకము. మన చేనేతకు పోటీగా దిగిన మిల్లుగుడ్డ అచ్చటినుండియే వచ్చెడిది, మన వీథులలో తగులబడినదియు ఆ గుడ్డయే. అయినను 1931 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు రౌండుటేబులు సభకు లండను వెళ్లియుండి, డార్వెన్ మొదలగు లాంకషైరు ప్రాంతములకు పోగా, విదేశవస్త్ర బహిష్కారమువలనను పనులు తగ్గియున్న ఆ కూలివారే ఆయనను ఆదరముతో స్వాగతించిరి. నూలుపని ఎరిగినవారు నూలుపని ఎరిగినవాని నర్థము చేసికొనిరని నాకు తోచును. ఆ మరుసటి సంవత్సరము, 1932లో, అదే మండలమునకు చెందిన నెల్సను పట్టణమున విల్ఫ్ కారడైసు అను యువకుడు తన సైకిలు యాత్రకు తగిన సంచి దుకాణములలో దొరకక, తానే యొకటి కుట్టుకొన్నాడు. చుట్టుపట్ల మందపు నూలుగుడ్డకు కొదువలేదు. దాని స్వభావము ఆ యూరి పిల్లవానికిని తెలియును. ఆతని సంచి చూచిన మిత్రులు తమకును కావలెననిరి. వ్యాపారము ఆ విధముగా పుట్టినది, ఆ పేరుతో సంచులు నేటికిని అక్కడనే కుట్టబడుచున్నవి.

ఆ తరహా సంచి నొకదానిని చేతికి తీసికొని చూచినవారికి నా మాట బోధపడును. గుడ్డ నలుపో ముదురాకుపచ్చయో. మైనము పట్టించుటచే వ్రేళ్ల కించుక జిగురుగా తగులును. వానచినుకులు మొదట పడినప్పుడు పడుగు పేకల నూలుపోగులు నీటిని పీల్చి ఉబ్బి, వానినడుమనుండు సందులను తామే మూసివేయును. అనగా ఈ గుడ్డ తడిసినందుననే తడిని లోనికి రానీయదు. సంచి పై అంచులో లోపల ఒక సన్నని కొయ్యకర్ర అమర్చబడియున్నది. రెండు తోలుపట్టీలు ఆ కర్రను చుట్టివచ్చి సీటు వెనుకనుండు ఇనుపకన్నములలో దూరి బిగియును. ఆ కర్ర లేనియెడల బరువునకు గుడ్డ రెండు కన్నముల నడుమ ముడుతపడి జారిపోవును. ఒక చిన్న కొయ్యముక్కచే క్యారియరు బరువంతయు తప్పినది. మూత పొడుగైనది, సామాను తక్కువైనప్పుడు క్రిందికి మడిచి బిగించవచ్చును, అధికమైనప్పుడు పైకి లాగి దానిక్రింద వానకోటును ఇరికించవచ్చును. ఇరుప్రక్కల రెండు చిన్న జేబులు, ఒకదానిలో పనిముట్లు, మరియొకదానిలో తినుబండారము. ఈ జాతిలో పెద్దదానిలో 24 లీటర్ల సామాను పట్టును. లోపల కుట్టిన చీటీపై దానిని కుట్టిన మనుష్యుని సంతకము చేతివ్రాతతో నుండును. పట్టీ తెగిన మరియొక పట్టీ కుట్టవచ్చును, చినిగిన అతుకు వేయవచ్చును. ఏ యూరి చెప్పులు కుట్టువాడైనను ఆ పని చేయగలడు. బరువునుబట్టి మాత్రమే చూచినయెడల నేటి నైలాను సంచులకు ఇది సాటి రాదు. అయినను క్యారియరు బరువును కూడ లెక్కించి, పదిసంవత్సరముల మన్నికను కూడ లెక్కించి తూచినప్పుడు తక్కెడ మరియొక విధముగా మొగ్గుచున్నది.

ఫ్రాన్సు దేశమువారు సంచిని ముందుకు తెచ్చిరి. అచ్చటి సైకిలు యాత్రలకు ఆచార్యుడైన పాల్ ద వీవీ, వెలోసియో యను కలముపేరుతో ప్రసిద్ధుడు, సాంతెతియెన్ నగరమున మొదట పట్టు వర్తకుడు. 1887లో పట్టు వ్యాపారమును విడిచి సైకిళ్ల దుకాణము తెరచి, పత్రిక నడపి, గేర్ల వాడుకకు జీవితాంతము వాదించెను. ఆయన శిష్యప్రశిష్యుల కాలమున హ్యాండిలు ముందు చిన్న క్యారియరుపై కూర్చుండు చతురస్రపు కాన్వాసు సంచి ఫ్రెంచి యాత్రికుని చిహ్నమైనది. త్రొక్కుచునే చేయి చాచి రొట్టె తీసికొనవచ్చును. మూతపై పారదర్శకపు అరలో దేశపటము పెట్టుకొని చూచుచు పోవచ్చును. ముందు బరువు పెట్టిన హ్యాండిలు నడక మారును గనుక, అచ్చటి సైకిలు శిల్పులు ముందు ఫోర్కు వంపునే ఆ బరువునకు తగినట్లు మార్చిరి: సంచికి లోబడి సైకిలు మారిన అరుదైన ఉదాహరణ మిది. 1936 జూనులో శ్రామికులకు వేతనముతో కూడిన రెండువారముల సెలవు చట్టబద్ధము కాగా, ఆ వేసవిని జంటసైకిళ్లపై, పిల్లలతో, మూటలతో సముద్రతీరములకు సాగిపోయిన కుటుంబముల ఛాయాచిత్రములు నేటికిని కన్నుల పండువు చేయును.

మన దేశపు యాత్రికులు ఈ సౌకర్యములు లేకయే లోకమును చుట్టివచ్చిరి. 1923 అక్టోబరు 15న బొంబాయినుండి బయలుదేరిన పార్సీ యువకులలో ఆది హకీము, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా యను మువ్వురు నాలుగున్నర సంవత్సరములలో సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో తిరిగివచ్చిరి. 1926లో కలకత్తానుండి బయలుదేరిన బిమల్ ముఖర్జీ 1937లో గాని ఇల్లు చేరలేదు. శ్రీహట్టము వైపువాడైన రామనాథ బిశ్వాసు 1931లో సింగపూరునుండి సైకిలెక్కెను. వీరి గ్రంథములు తెలుగున విరివిగా చదువబడవలసినవి. మన జిల్లాలలో మాత్రము సైకిలు యాత్రకన్న సైకిలు జీవనమే ఎక్కువ. చీరల మూటతో ఊరూర తిరుగు నేతవర్తకుడును, పాలబిందెలవాడును, క్యారియరుపై గోనెబస్తా నిలిపి పోవు రైతును సామానును కట్టుటలో నెవ్వరికిని తీసిపోరు. పాత ట్యూబును నిలువుగా కోసి చేసిన రబ్బరుపట్టీ వారి ముఖ్యసాధనము. తాడు గతుకులలో వదులగును, రబ్బరు వదులుకాదు, తడిసిన జారదు, ఖరీదు లేదు. నేడు విదేశములలో హెచ్చుధరకు అమ్మబడు సాగుడుపట్టీలు చేయు పనియే ఇది.

1963 జనవరిలో, ఐరోపా అంతయు మంచుతో గడ్డకట్టియున్నప్పుడు, ఐర్లండునందలి లిస్మోరు వాసి డెర్వ్లా మర్ఫీ తన సైకిలుపై హిందూదేశమునకు బయలుదేరెను. రోజ్ అని ముద్దుపేరు పెట్టిన ఆ సైకిలు బరువు 37 పౌనులు, సామాను 28 పౌనులు. ఆసియా బాటలలో చెడిపోవునేమో యని గేర్లను తీయించివేసెను. టైర్లను మోయక ముందుగానే మార్గమందలి నగరములకు పంపియుంచెను. ఇరువది యెనిమిది పౌనులతో డన్‌కర్కునుండి ఢిల్లీవరకు! రెండు సంవత్సరముల తరువాత వెలువడిన ఆమె గ్రంథము చదివినవారికి తేలికదనము కొనుగోలుతో వచ్చునది కాదని, దేనికి భయపడవలెను, దేనికి భయపడనక్కరలేదను నిర్ణయముతో వచ్చునదని తేటపడును.

పిమ్మట నైలాను యుగము. అమెరికాలో 1970 దశకమున సైకిలు యాత్రలకు కొత్త ఊపు కలిగినది. అలాస్కానుండి దక్షిణామెరికా కొసవరకు సైకిలుపై పోయిన గ్రెగ్, జూన్ సైపుల్ దంపతులును, డాన్, లిస్ బర్డెన్ దంపతులును పూని, స్వాతంత్ర్యపు ద్విశతాబ్ది సందర్భమున 1976లో ఆరెగాన్ తీరమునుండి వర్జీనియావరకు 4,250 మైళ్ల మార్గమును ఏర్పరచగా, నాలుగువేలకు పైగా యాత్రికులు అందు పాల్గొనిరి. నైలాను గుడ్డ నూలుకన్న తేలిక. అందుచేత సంచులు పెద్దవైనవి. క్యారియరున కిరుప్రక్కల, పెరిక యెద్దు వీపున వ్రేలాడు జంటగోనెలవలె, వెనుక రెండు, ముందు రెండు సంచులు వ్రేలాడుట మామూలైనది. ఇక్కడ నాకొక బాధ కలదు. గుడ్డలో మిగిలిన బరువును సామానుతో నింపిరి. చోటున్నచో నింపుట మానవస్వభావము; నాలుగు సంచులున్నవాడు నాలుగింటిని నింపును, ఆ బరువునకు క్యారియరు లావు కావలెను, ఆ క్యారియరునకు చక్రము బలము కావలెను, చివరకు కొండయెక్కునప్పుడు మోకాలే ఈ లెక్కనంతను చెల్లించవలెను.

నైలానునకు వానభయమొకటి మిగిలినది. పూత చెదరినచోట, కుట్టు సూది పోయినచోట నీరు చొచ్చును. జర్మనీలో హార్ట్‌మూట్ ఓర్ట్‌లీబ్ అను యువకుడు ఇంగ్లండులో వానలో సైకిలు త్రొక్కుచు, ప్రక్కనుండి పోవు లారీల టార్పాలిను పట్టాలు సరకును తడియకుండ కాపాడుట గమనించి, ఇంటికి పోయి తల్లి కుట్టుమిషనుపై లారీ పట్టాతో సైకిలు సంచి కుట్టెను. 1982లో ఆతని సంస్థ ప్రారంభమైనది. తరువాత ఆ సంస్థవారు సూదినే మానివేసి, అంచులను వేడిచే అతికించి, నోటిని పలుమార్లు చుట్టి మడిచి బకిలు పెట్టు పద్ధతిని వ్యాపింపజేసిరి. వరదలో నడచినను లోని బట్ట తడియదు. కాని అతుకు విడిచినచో ఊరిలోని దర్జీ బాగుచేయలేడు. వాననుండి రక్షణకు చెల్లించిన మూల్యమిది.

త్రికోణపు ఖాళీ మరల జ్ఞాపకమునకు వచ్చినది అలాస్కా మంచులో. 1987లో అచ్చట కుక్కల బండ్ల దారులపై 200 మైళ్ల సైకిలు పందెము ఆరంభమైనది. మంచుగతుకులలో ఇనుప క్యారియరు మరలు విరుగును, ఇరుప్రక్కల వ్రేలాడు సంచులు మంచుగట్టులకు తగిలి ఆపును. కావున క్యారియరును తీసివేసి, సంచులను సైకిలు దేహమునకే కట్టివేయుట మొదలిడిరి: త్రికోణమున నొకటి, సీటు క్రింద వెనుకకు పొడుచుకొని వచ్చు నొకటి, హ్యాండిలు ముందు చుట్ట యొకటి. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆంకరేజి పట్టణమున ఎరిక్ పార్సన్సు మొదలగువారు ఇండ్లలోనే కుట్టుమిషను ముందు కూర్చుండి ఇట్టి సంచులు కుట్టి అమ్మిరి. రాకీ పర్వతముల వెన్నుపై కెనడాలోని బాన్ఫ్ నుండి మెక్సికో సరిహద్దువరకు 2,745 మైళ్లు సాగు పందెము 2008నుండి ప్రసిద్ధి కెక్కుటతో ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను. గొట్టముల కొలతలు సైకిలుకు సైకిలుకు భేదించును గనుక, కొనదలచినవాడు సైకిలును మందపు కాగితముపై పరుండబెట్టి, త్రికోణపు లోపలి అంచును పెన్సిలుతో గీచి, సీసాపట్టీ మరలు ఎక్కడెక్కడ నున్నవో గుర్తుపెట్టి, ఆ కాగితమును కుట్టువానికి పంపవలెను. ఆ గీతకు లోపలగా ఇంత వదలి, అంత మడిచి ఆతడు కత్తెర వేయును.

ఈ యమరికలో బరువు పెట్టు క్రమము తప్పరానిది. నీరు, పనిముట్లు, బియ్యపిండి వంటి బరువైనవి త్రికోణములో, వీలైనంత క్రిందుగా; పడకగుడ్డయు గుడారమును హ్యాండిలు చుట్టలో; మారుబట్టలు సీటు వెనుక సంచిలో, అందులోను బరువైన బట్ట సీటువైపున. సీటు వెనుక సంచి కొసలో బరువు పెట్టినయెడల అది ప్రతి త్రొక్కుడుకు తోకవలె ఊగి నడుము నొప్పి పుట్టించును. సామాను మొత్తము వీపునకు తగిలించుకొన్నయెడల బరువు సీటుపై కూర్చున్న ఎముకలపై పడి, చెమట పోవు దారియు లేకపోవును. మన తెలుగునాట ఎండకాలము తప్పించి కార్తికమునుండి మాఘమువరకు పోదలచినవానికి గుడారముతో పనిలేదు. ముప్పది నలుబది మైళ్ల కొక పట్టణమున లాడ్జియో సత్రమో దొరకును, పూటకొక హోటలు తగులును. అట్టివానికి క్యారియరు లేని ఒక సీటు సంచియు, త్రికోణమున నీటికొక చోటును చాలును. రెండు జతల బట్టలు, ఒక పంచె, పలుచని దుప్పటి, వానకోటు, మారు ట్యూబు, పంపు, అతుకు సామాను, మందులు: ఇంతయు 24 లీటర్లలో నిమిడి, మూత క్రింద రెండు అరటిపండ్లకు చోటు మిగులును.